ప్రాప్ 8 ఓటింగ్: చర్చిల పాత్ర ఎంత, పిల్లల పేరుతో పెట్టిన భయం ఎలా పనిచేసింది?

తంగేడుపూలు:

అందరికీ నమస్కారం. కాలిఫోర్నియా ప్రతిపాదన 8 (అందరూ ప్రాప్ 8 అంటారు) మీద ఒక చర్చకి నోట్సు సిద్ధం చేస్తున్నాను. పైపై సంగతులు తెలుసు. 2008 మే 15న రాష్ట్ర సుప్రీంకోర్టు 4–3 తీర్పుతో స్వలింగ జంటల పెళ్లికి దారి ఇచ్చింది. జూన్ మధ్యలో పెళ్లిళ్లు మొదలై, నవంబర్ లోపు దాదాపు 18,000 జంటలు చేసుకున్నాయి. నవంబర్ 4న ఒబామాని భారీగా గెలిపించిన రాష్ట్రమే, అదే బ్యాలెట్ మీద, పెళ్లి ఆడామగా మధ్యే చెల్లుతుందన్న 14 మాటల వాక్యాన్ని తన రాజ్యాంగంలో చేర్చుకుంది. యస్ 52.24 శాతం, నో 47.76 శాతం. తేడా 6 లక్షల ఓట్లు. (యస్ అంటే ఆ పెళ్లిళ్లు వద్దని, నో అంటే ఉండనివ్వమని. చదివేవాళ్లు తికమక పడకుండా చెప్తున్నాను.)

అర్థం కానిది మధ్యలో జరిగింది. సెప్టెంబర్‌లో ఫీల్డ్ (కాలిఫోర్నియా సర్వే సంస్థ) చేసిన సర్వేలో నో 55, యస్ 38. ఏడెనిమిది వారాల్లో ఇంత ఎలా తిరగబడింది? చర్చిలు ఏం చేశాయి, డబ్బు ఎటునుంచి వచ్చింది, యాడ్లలో చెప్పినదాంట్లో నిజమెంత? ఇలాంటి భయానికి జవాబు చెప్పి నెగ్గినవాళ్లు ఎక్కడైనా ఉన్నారా? "మతపిచ్చి" అని ఒక్క మాటతో తేల్చేయకండి, దయచేసి. పని జరిగిన తీరు కావాలి.

కాగితప్పడవ:

తంగేడుపూలు గారూ, ముందు టీవీ యాడ్ల సంగతి చెప్తాను. ఓట్లు కదిలింది అక్కడే.

యస్ ప్రచారాన్ని నడిపినవాళ్లు ఫ్రాంక్ షూబర్ట్, జెఫ్ ఫ్లింట్. పాదిరీలు కారు, ఎన్నికల ప్రచారమే వృత్తిగా ఉన్న శాక్రమెంటో మనుషులు. ఇది పాపం అని చెబితే కాలిఫోర్నియాలో ఓట్లు రాలవని వాళ్లకి బాగా తెలుసు. మామూలు ఓటరు "వాళ్ల పెళ్లి వాళ్లిష్టం, మధ్యలో మనకేం పోయింది" అనుకుంటాడు. మీకేం పోతుందో చూపించడమే వాళ్లు పెట్టుకున్న పని. మీ చర్చికి ముప్పు, మీరు నోరు విప్పే హక్కుకి ముప్పు, బళ్లో మీ పిల్లలకి ముప్పు. ప్రచారమంతా ఈ మూడింటి చుట్టూ తిరిగింది. గట్టిగా తగిలింది మూడోది.

మొదటి యాడ్ సెప్టెంబర్ ఆఖర్లో వచ్చింది. మే తీర్పు వచ్చిన రోజు శాన్‌ఫ్రాన్సిస్కో మేయర్ గావిన్ న్యూసమ్, ఇక తలుపులు బార్లా తెరుచుకున్నాయి, మీకు నచ్చినా నచ్చకపోయినా ఇది జరిగి తీరుతుంది అని సంబరంగా అరిచిన ముక్క అది. యస్ వాళ్లు ఒక్క మాట కల్పించాల్సిన అవసరం లేకపోయింది. "మీ మాట ఎవడికి కావాలి" అన్నట్టు వినబడే గొంతు వాళ్లకి ఊరికే దొరికింది.

రెండోది అసలైన దెబ్బ. అక్టోబర్ రెండో వారం నుంచి తెర మీద ఉంది, నిడివి అర నిమిషం. బడి నుంచి వచ్చిన పాప, ఇవాళ ఏం నేర్చుకున్నానో చెప్పుకో అమ్మా అంటూ పుస్తకం ఇస్తుంది. రాజకుమారుడు రాజకుమారుణ్ణి పెళ్లి చేసుకున్నాడట, నేను కూడా రాజకుమారిని చేసుకోవచ్చట అంటుంది. తల్లి మొహంలో నవ్వు ఆగిపోతుంది. అక్కడ ఒక న్యాయశాస్త్ర ప్రొఫెసర్ వచ్చి, ఇలా జరగదనుకుంటున్నారా, మసాచుసెట్స్‌లో ఇప్పటికే జరిగింది, తల్లిదండ్రులకి అభ్యంతరం చెప్పే హక్కు లేదని కోర్టులు తేల్చాయి అంటాడు.

దీన్ని విడదీసి చూడండి, అల్లిన పద్ధతి తెలుస్తుంది. కింద నిజమైన గింజ ఒకటి ఉంది. మసాచుసెట్స్‌లోని లెక్సింగ్టన్‌లో రెండో తరగతి టీచరు అలాంటి బొమ్మల పుస్తకం చదివి వినిపించారు. తల్లిదండ్రులు ఫెడరల్ కోర్టుకి వెళ్లారు. 2008 జనవరిలో అప్పీలు కోర్టు కేసు కొట్టేసింది. ఇంతవరకు వాస్తవం. పైన చుట్టిన పొరల్లోనే మెలిక ఉంది. అభ్యంతరం చెప్పే హక్కు లేదని కోర్టు అనలేదు. ఇలాంటి కుటుంబాలు కూడా ఉంటాయని బడిలో పిల్లవాడి చెవిన పడినంత మాత్రాన మీ మతస్వేచ్ఛ భంగమైనట్టు కాదు అంది. ఆ పుస్తకాల వెనక ఉన్నది, అందరినీ గౌరవించడం నేర్పాలన్న పాఠ్య విధానం. పెళ్లి తీర్పుకి ముందునుంచే ఉంది. ఇక ప్రాప్ 8 వాక్యంలో బడి ప్రస్తావనే లేదు, అది నెగ్గినా ఒక్క పుస్తకం కూడా అల్మారా దిగదు. సెక్స్, ఆరోగ్య పాఠాల నుంచి పిల్లల్ని తప్పించుకునే వీలు కాలిఫోర్నియా విద్యా చట్టంలోనే రాసి ఉంది.

అక్టోబర్ 10న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకటో తరగతి పిల్లల్ని వాళ్ల టీచరమ్మ పెళ్లి చూడ్డానికి సిటీ హాలుకి తీసుకెళ్లారు. తల్లిదండ్రుల అనుమతితోనే, వద్దన్న కుటుంబాలు రెండు ఉంటే ఆ పిల్లల్ని వదిలేసే. ఆ వివరం యాడ్‌లోకి ఎందుకు వస్తుంది? వారం తిరిగేసరికి ఆ పసిమొహాలు టీవీలో ఉన్నాయి.

ఇప్పుడు నో పక్షం చేసిన తప్పు. పాప యాడ్ వచ్చాక దాదాపు రెండు వారాలు సూటి జవాబు లేదు. "అబద్ధం" అన్నారు గానీ, మరి బళ్లో ఏం జరుగుతుందో చెప్పలేదు. అక్టోబర్ మూడో వారం దాటాక రాష్ట్ర విద్యాధికారి జాక్ ఓకానెల్‌ని తెర మీదకి తెచ్చి, దీనికీ బళ్లకీ సంబంధం లేదని చెప్పించారు. అప్పటికే తల్లుల గుండెల్లో రాయి పడింది. పైగా ఆ మాటలోనూ ఒక చిల్లు ఉంది: ఆరోగ్య విద్య బోధించే చోట వివాహ బాధ్యతల గురించి చెప్పాలని విద్యా చట్టంలో ఒక నిబంధన ఉంది, యస్ వాళ్లు దాన్నే చదివి వినిపించారు. నో యాడ్లలో స్వలింగ జంటలు దాదాపు కనబడలేదు కూడా. ఎవరి పెళ్లి గురించి ఓటేస్తున్నారో ఆ మనుషుల్నే దాచిపెట్టి, పక్షపాతం తప్పు, సమానత్వం మంచిది అంటూ పోయారు.

గే, లెస్బియన్ హక్కుల ప్రచారాల్లో పనిచేసిన డేవిడ్ ఫ్లైషర్ 2010లో ఆ సర్వేలన్నీ తిరగేసి నివేదిక ఇచ్చాడు. ఆఖరి ఆరు వారాల్లో యస్ వైపు జరిగిన ఓటర్లు సుమారు 6,87,000 అని, వాళ్లలో 5 లక్షల మందికి పైగా ఇంట్లో 18 ఏళ్లలోపు పిల్లలున్న తల్లిదండ్రులని ఆయన లెక్క. గెలుపు తేడా 6 లక్షలని గుర్తుపెట్టుకుని చదవండి.

చిట్టాపద్దు:

కాగితప్పడవ గారు చెప్పిన యాడ్లకి డబ్బు కావాలి, యాడ్ చూసి తటపటాయించే ఓటరు తలుపు తట్టడానికి మనిషి కావాలి. ఆ రెండూ తెచ్చింది చర్చిలే.

మొదలైంది ఒక ఉత్తరంతో. శాన్‌ఫ్రాన్సిస్కో కాథలిక్ ఆర్చ్‌బిషప్ జార్జ్ నీడరౌర్ అంతకుముందు సాల్ట్ లేక్ సిటీలో బిషప్‌గా పనిచేశారు. మోర్మన్లనే వేరే క్రైస్తవ చర్చికి అదే కేంద్రం, వాళ్ల పెద్దలతో ఆయనకి బాగా పరిచయం. కలిసి రమ్మని ఆయన వాళ్లని కోరారు. మోర్మన్ చర్చి అధ్యక్ష మండలి 2008 జూన్ 20 తేదీతో లేఖ రాసింది, జూన్ 29న కాలిఫోర్నియా అంతటా ఆరాధనలో చదివారు. మీ ధనం, మీ సమయం ఇచ్చి చేయగలిగినదంతా చేయండి అన్నది సారాంశం.

కాలిఫోర్నియా జనాభాలో మోర్మన్లు 2 శాతం. ఇంత చిన్న సంఖ్య ఇంత బరువు ఎలా మోసింది? ఆ చర్చి కట్టుబడి చూస్తే తెలుస్తుంది. స్థానిక సంఘాన్ని వాళ్లు వార్డు అంటారు. మన మునిసిపల్ వార్డు లాగే దానికి హద్దు ఉంటుంది, ఏ ఇల్లు ఏ వార్డో ముందే తేలి ఉంటుంది. జీతం తీసుకునే పాదిరి ఉండడు, సభ్యులకే పనులు అప్పగిస్తారు, అప్పగిస్తే కాదనడం అరుదు. అంటే పేర్ల జాబితా, ఫోన్ నంబర్లు, పని పంచే అలవాటు, ఇంటింటికీ తిరిగిన అనుభవం, అన్నీ సిద్ధంగా ఉన్నాయి. మామూలు ఎన్నికల ప్రచారానికి అంత యంత్రాంగం కూడగట్టడానికే నెలలు పడుతుంది. తొలి దశలో తలుపులు తట్టిన వాలంటీర్లలో 80 నుంచి 90 శాతం మోర్మన్లేనని ఫ్లింట్ అంచనా. సమకూరిన దాదాపు 4 కోట్ల డాలర్లలో సగం దాకా మోర్మన్ సభ్యుల చేతుల మీదుగా వచ్చిందని ప్రచారకులే చెప్పుకున్నారు. కాథలిక్ పురుషుల సంఘం నైట్స్ ఆఫ్ కొలంబస్ ఒక్కటే 10 లక్షల డాలర్లు దాటించింది. నో పక్షానికి డబ్బు తక్కువేం కాదు, వాళ్లూ 4 కోట్లకి పైనే ఖర్చుపెట్టారు. అయితే ఆ డబ్బులో పెద్ద భాగం ఆలస్యంగా, భయం పట్టుకున్నాక అక్టోబర్‌లో కదిలింది.

ఇంటింటి పనిలో ముందు ఎవరు ఎటు ఉన్నారో రాసుకుంటారు, తటపటాయించేవాళ్ల దగ్గరికి రెండోసారి వెళ్తారు, ఆఖరి రోజు తమవాళ్లని బూత్ దాకా కదిలిస్తారు. వాలంటీర్లకి ఇచ్చిన సూచనల్లో ఒక సంగతి గమనించండి: స్వలింగ సంపర్కం ఊసు ఎంత తక్కువెత్తితే అంత మంచిది, మనం పెళ్లి పక్షం అని చెప్పండి. నమ్మకంతో కదిలిన మనుషులు గుమ్మం దగ్గర నమ్మకం మాట ఎత్తలేదు.

ఎవాంజెలికల్ (సువార్త ప్రచారానికి పెద్దపీట వేసే ప్రొటెస్టెంట్లు) వైపు శాన్‌డియేగో పాస్టర్ జిమ్ గార్లో వందల మంది పాస్టర్లని ఫోన్ సమావేశాలతో ఒకతాటి మీదకి తెచ్చారు. నవంబర్ 1న అక్కడి క్వాల్‌కామ్ స్టేడియంలో ఉపవాస ప్రార్థన జరిగింది. పేరున్న పాస్టర్ రిక్ వారెన్ అక్టోబర్ చివర్లో తన సంఘానికి యస్ అనమని చెప్పారు.

ఇదంతా చట్టబద్ధమేనా అని చాలామంది అడుగుతారు. చాలావరకు అవును. అమెరికా పన్ను చట్టంలో 501(సి)(3) కింద పన్ను మినహాయింపు ఉన్న చర్చి అభ్యర్థికి ఓటేయమని చెప్పకూడదు. ఇలాంటి బ్యాలెట్ ప్రతిపాదన మాత్రం అభ్యర్థి కిందకి రాదు, లాబీయింగ్ (చట్టాన్ని ఇటో అటో మలచడానికి చేసే ప్రయత్నం) కిందకి వస్తుంది. అది సంస్థ పనిలో "గణనీయమైన భాగం" కానంతవరకు ఫర్వాలేదు. ఎంతైతే గణనీయం అన్నదానికి చర్చిలకి అంకె లేదు. మామూలు స్వచ్ఛంద సంస్థలు కోరుకుంటే ఖర్చు లెక్కన ఒక పరిమితి ఎంచుకోవచ్చు, చర్చిలకి ఆ వెసులుబాటే లేదు. రాష్ట్ర చట్టం అడిగేది వేరు: డబ్బు రూపంలో కాకుండా చేసిన సాయానికి కూడా, అంటే సిబ్బంది సమయం, ప్రయాణం, స్టూడియో వాడకం వంటివాటికి, వెలకట్టి గడువులోపు చెప్పాలి. మోర్మన్ చర్చి ఎన్నిక అయ్యాక సుమారు 1,90,000 డాలర్ల విలువైన సాయం చూపించింది. అందులో కొంత ఆలస్యంగా చెప్పినందుకు 2010లో రాష్ట్ర ఎన్నికల నిధుల కమిషన్ 5,538 డాలర్ల జరిమానా వేసింది. తప్పు ఉంది, చిన్నదే. "చర్చి దొడ్డిదారిన గెలిపించింది" అని రాయకండి, నిలబడదు.

మతమంతా ఒకే గట్టున లేదు. కాలిఫోర్నియాలో ఎపిస్కోపల్ చర్చి (ఆంగ్లికన్ల అమెరికా శాఖ) డయోసీస్‌లకి, అంటే బిషప్ పరిధులకి, ఉన్న ఆరుగురు బిషప్పులూ ప్రాప్ 8ని వ్యతిరేకిస్తూ సంతకం పెట్టారు. దక్షిణ కాలిఫోర్నియా రబ్బీల (యూదు మతగురువుల) బోర్డు, ఉదారవాద శాఖ అయిన యూనిటేరియన్లు కూడా. వాళ్ల గొంతుని నో పక్షం సరిగా వాడుకోలేదు, నాకు ఇప్పటికీ బాధ కలిగించేది అదే. ఓటు రోజుల్లో నో వైపు ఒక బృందం, ఇద్దరు మోర్మన్ ప్రబోధకులు ఒక లెస్బియన్ జంట ఇంట్లో దూరి పెళ్లి పత్రం చించేస్తున్నట్టు యాడ్ తీసింది. భయానికి భయంతో జవాబు అది. తటపటాయిస్తున్న మతవిశ్వాసిని ఇంకా దూరం తోసింది తప్ప ఎవర్నీ దగ్గరికి తేలేదని నా అభిప్రాయం.

ఏటిగట్టు:

ఒక చిన్న దిద్దుబాటు, నోట్సులో దొర్లే అవకాశం ఉంది కాబట్టి. "నల్లజాతి ఓటర్లు 70 శాతం యస్ అన్నారు, వాళ్లవల్లే ఓడింది" అని ఎన్నిక మర్నాడే మొదలైంది. ఆ 70 ఒక ఎగ్జిట్ పోల్ అంకె. రాజనీతి పరిశోధకులు పాట్రిక్ ఈగన్, కెనెత్ షెరిల్ 2009 జనవరిలో ప్రాంతాలవారీ ఓట్లతో పోల్చి చూస్తే 57–59 శాతం దగ్గర తేలింది. అందులోనూ తేడాని ఎక్కువగా వివరించింది జాతి కాదు, వారం వారం ప్రార్థనకి వెళ్లే అలవాటు. ఏ జాతిలోనైనా వారానికోసారి వెళ్లేవాళ్లు యస్ వైపు మొగ్గారు. ఆ తప్పుడు నింద చాలామంది నల్లజాతి గే, లెస్బియన్ మనుషుల్ని నిష్కారణంగా గాయపరిచింది.

గడపమాను:

టీవీ యాడ్లు మర్యాదగానే ఉన్నాయి. కరపత్రాల్లో, ఈమెయిళ్లలో తిరిగిన సరుకు వేరు, దాని సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తున్నాను.

ప్రాప్ 8 ఓడితే జరిగే ఆరు పర్యవసానాలు అంటూ ఒక కాగితం చర్చిల్లో చేతులు మారింది. పెళ్లి చేయనన్న పాస్టర్ల మీద దావా పడుతుందని, చర్చిల పన్ను మినహాయింపు పోతుందని, దత్తత సంస్థలు మూతపడతాయని, ఇలా. ఒక్కొక్కటీ తీసి చూడండి.

పాస్టర్ల సంగతి మే 15 తీర్పులోనే ఉంది. ఏ మతమూ తన ఆచారం మార్చుకోనక్కర్లేదని, ఏ మతాధికారీ తన విశ్వాసానికి విరుద్ధంగా పెళ్లి చేయనక్కర్లేదని కోర్టు స్పష్టంగా రాసింది. కరపత్రం ఆ పేరా వదిలేసింది.

పన్ను మినహాయింపుకి చూపించిన సాక్ష్యం న్యూజెర్సీలోని ఓషన్ గ్రోవ్. మెథడిస్టు సంస్థకి సముద్రం ఒడ్డున ఒక మండపం ఉంది. 2007లో ఒక లెస్బియన్ జంట వేడుకకి ఇవ్వమంటే ఇవ్వలేదు, మినహాయింపు పోయింది. నిజమే. మరి ఏ మినహాయింపు? ఆ స్థలం ప్రజలందరికీ తెరిచి ఉంచుతామని ఒప్పుకుని, రాష్ట్ర పచ్చదన పథకం కింద తీసుకున్న ఆస్తిపన్ను రాయితీ. అందరికీ తెరవనప్పుడు అది ఆ మండపం వరకు పోయింది. చర్చికి చర్చిగా ఉన్న మినహాయింపు చెక్కుచెదరలేదు. ఇంకో సంగతి, 2007లో న్యూజెర్సీలో స్వలింగ వివాహమే లేదు, ఉన్నది సివిల్ యూనియన్ (పెళ్లి అన్న పేరు లేకుండా జంటకి హక్కులిచ్చే నమోదు). ఆ తగువు వివక్ష నిరోధక చట్టం కింద నడిచింది. ప్రాప్ 8 పెట్టినా, తీసేసినా అలాంటి చట్టం కాలిఫోర్నియాలో ఉండనే ఉంది.

దత్తతకి బోస్టన్ కాథలిక్ చారిటీస్‌ని చూపించారు. 2006లో దత్తతలు ఆపేసిన మాట వాస్తవం. రాష్ట్రంతో ఒప్పందం, ప్రభుత్వ సొమ్ము ఉన్నాయి కాబట్టి వివక్ష చూపకూడదన్న నిబంధన తగిలింది. అదే రాష్ట్రంలో ప్రభుత్వ సొమ్ము ముట్టని మోర్మన్ దత్తత సంస్థ తన పద్ధతిలోనే నడిచింది. ఈ రెండో వాక్యం చెప్తే మొదటిది భయపెట్టదు.

వీటికంటే ముదురు సరుకు 2010 జనవరిలో, ప్రాప్ 8 చెల్లదంటూ వేసిన కేసు విచారణలో, ఫెడరల్ కోర్టులో బయటపడింది. ప్రాప్ 8ని అధికారికంగా ప్రతిపాదించిన ఐదుగురిలో ఒకరు విలియం టామ్. చైనా సంతతి ఓటర్లకి ఆయన రాసిన ఉత్తరం విచారణలో చదివించారు. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రభుత్వం స్వలింగ సంపర్కుల చేతుల్లో ఉందని, తర్వాతి మెట్టు వ్యభిచారాన్ని చట్టబద్ధం చేయడమని, పిల్లలతో లైంగిక సంబంధాన్ని కూడా చట్టబద్ధం చేయడం వాళ్ల ఎజెండాలో ఉందని, రాష్ట్రాలు ఒకటొకటిగా సైతాను చేతిలో పడతాయని అందులో ఉంది. ఇలాంటివి ఎక్కడివని లాయరు అడిగితే ఇంటర్నెట్‌లో చూశానన్నారు. మాతృభాషలో, మనవాడే అన్న నమ్మకంతో అందే కాగితానికి ఉన్న బలం మన తెలుగు వాట్సాప్ గ్రూపులు చూసినవాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు.

అదే విచారణలో చరిత్రకారుడు జార్జ్ చాన్సీ ఈ పద్ధతి వయసు చెప్పారు. 1977 జూన్ 7న ఫ్లోరిడాలోని డేడ్ కౌంటీలో, గాయని అనితా బ్రయంట్ మన పిల్లల్ని కాపాడుకుందాం అన్న పేరుతోనే ప్రచారం నడిపి, వివక్ష నిరోధక ఆర్డినెన్సుని 69 శాతం ఓట్లతో రద్దు చేయించారు. అక్కడ అడిగింది పెళ్లి కాదు, ఉద్యోగం, అద్దె ఇల్లు. అయినా ముందుకి తెచ్చింది పిల్లల్నే. ఆ కేసు విన్న జడ్జి వాకర్, ప్రాప్ 8 చెల్లదన్న 2010 ఆగస్టు 4 తీర్పులో, స్వలింగ వివాహం గురించి వింటే పిల్లలు గే, లెస్బియన్ అయిపోతారేమో అన్న తల్లిదండ్రుల భయం మీద ప్రాప్ 8 ప్రచారం ఆధారపడిందని నిర్ధారణగా రాశారు.

తంగేడుపూలు:

చాలా చాలా కృతజ్ఞతలు. ఓషన్ గ్రోవ్ ఉదాహరణ ఒక్కటే చాలు, ఎలా అల్లుతారో తెలిసిపోయింది. నెగ్గినవాళ్ల సంగతి ఎవరైనా చెప్తారా? మన సుప్రీంకోర్టులో 2023లో నడిచిన స్వలింగ వివాహ కేసుకి ఇందులో ఏమైనా పోలిక ఉందా?

కాగితప్పడవ:

అమెరికాలోని మెయిన్ రాష్ట్రం చూడండి, ఒకే చోట ఓటమి, గెలుపు రెండూ ఉన్నాయి. 2009లో శాసనసభ చేసిన పెళ్లి చట్టాన్ని ఓటుతో కొట్టేశారు, దాదాపు 53–47. ప్రచారకుడు మళ్లీ షూబర్టే, అస్త్రం మళ్లీ బడే, పోర్ట్‌లండ్ కాథలిక్ డయోసీస్ ముందు వరసలో ఉంది. 2012 నవంబర్‌లో అదే రాష్ట్రం ఓటుతోనే ఆ పెళ్లిళ్లకి ఒప్పుకుంది.

మధ్యలో మారింది మాట. అంతకుముందు హక్కులు, పెన్షన్, ఇన్సూరెన్స్ ప్రయోజనాల జాబితా చదివేవాళ్లు. "మీరెందుకు పెళ్లి చేసుకున్నారు?" అని ఓటరుని అడిగితే పెన్షన్ కోసం అని ఎవరూ అనరు కదా. ఇక నుంచి ప్రేమ, కట్టుబాటు, జీవితాంతం తోడు అన్న మాటలే వాడారు. చెప్పేవాళ్లు కూడా మారారు: యాభై ఏళ్లు కాపురం చేసిన ముసలి దంపతులు, గే కొడుకున్న తండ్రి, పాస్టరు. మొదట తడబడి తర్వాత మనసు మార్చుకున్న మనిషి తెర మీద ఆ తడబాటు దాచకుండా చెప్పడం బాగా పనిచేసింది. ఎందుకంటే చూసేవాడూ తడబడుతూనే ఉన్నాడు. బడి యాడ్ వస్తే రోజుల్లోనే, బళ్లో పనిచేసేవాళ్ల చేత, పిల్లలకి విలువలు నేర్పేది మనమే, ఇంట్లోనే అన్న జవాబు. 2012లో డయోసీస్ కూడా డబ్బు, ప్రచారం జోలికి పోకుండా బోధన వరకే ఉంటామంది.

ఐర్లండ్ ఇంకో పని చేసింది. అక్కడ నో పోస్టర్ల మీద, ప్రతి బిడ్డకీ అమ్మా నాన్నా కావాలన్న మాట. ప్రభుత్వం ముందే, 2015 ఏప్రిల్‌లోనే, దత్తత, పిల్లల సంరక్షణ విషయాలు వేరే చట్టంగా చేసి పక్కన పెట్టేసింది. మే 22 రెఫరెండం నాటికి బ్యాలెట్ మీద మిగిలింది పెళ్లి ఒక్కటే. పిల్లల ప్రశ్న వచ్చిన ప్రతిసారీ, పక్షం లేని రెఫరెండం కమిషన్ అధ్యక్షుడైన జడ్జి అదీ ఇదీ వేరని చెప్పగలిగారు. కాథలిక్కులే ఎక్కువగా ఉన్న దేశంలో 62.07 శాతం యస్. (అక్కడ యస్ అంటే పెళ్లికి యస్.)

తలుపు దగ్గర మాట్లాడే పద్ధతి గురించి ఒక జాగ్రత్త. ఇంటి గుమ్మంలో 20 నిమిషాల మాటలతో స్వలింగ వివాహం మీద మనసు మారిందని 2014లో వచ్చిన ఒక పేరున్న పరిశోధన, సమాచారం నమ్మదగినది కాదని 2015లో ఉపసంహరించారు. ఇప్పటికీ కొందరు దాన్నే చూపిస్తుంటారు. నిలబడినది బ్రూక్‌మన్, కల్లా 2016లో ప్రచురించినది. మయామీలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పట్ల వైముఖ్యం మీద చేశారు, పది నిమిషాల సంభాషణ ప్రభావం కనీసం మూడు నెలలు ఉంది. కిటుకు వాదించడంలో లేదు. తీర్పు చెప్పకుండా వినడం, "మిమ్మల్ని ఎప్పుడైనా తేడాగా చూశారా" అని అడిగి ఎదుటివాళ్ల అనుభవం చెప్పనివ్వడం. రెండో నిమిషంలోనే చట్టం వివరించడం మొదలుపెడితే అక్కడితో తలుపు పడిపోతుంది.

గడపమాను:

మన దగ్గర ఓటింగ్ జరగలేదు, కోర్టు కేసు జరిగింది. అందుకని పోలిక కొంతవరకే. ఆ కేసు పేరులో ఉన్నవాళ్లు హైదరాబాద్ జంట అన్నది తెలుగువాళ్లకి గుర్తుండాల్సిన సంగతి.

ఇక్కడా మత సంస్థలు కోర్టు గుమ్మంలోనే ఉన్నాయి. స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన సెక్షన్ 377 మీద నడిచిన కేసులో అపోస్టలిక్ చర్చిల కూటమి, ముస్లిం పర్సనల్ లా బోర్డు పక్కపక్కన నిలబడ్డాయి. 2023లో జమియత్ ఉలేమా ఇ హింద్ కక్షిదారుగా చేరింది. మన రాష్ట్రం సంగతి: కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం అడిగితే, వ్యతిరేకించిన మూడింట్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, మిగతావి రాజస్థాన్, అస్సాం. ఆంధ్రప్రదేశ్ తన జవాబులో వివిధ మతాల పెద్దల్ని సంప్రదించామని, వాళ్ల అభిప్రాయం చూశాక వ్యతిరేకిస్తున్నామని చెప్పింది. ఒక పౌర చట్టం గురించిన ప్రశ్న అది. దానికి సంప్రదించాల్సింది ఎవర్ని అన్నది మీ చర్చలో తప్పకుండా పెట్టండి.

గుళ్లలో పూజారుల చేత బలవంతంగా పెళ్లి చేయిస్తారు అన్న ఫార్వర్డులు అప్పట్లో తిరిగాయి. ధర్మాసనం వ్యక్తిగత చట్టాల (మతాలవారీ పెళ్లి చట్టాల) జోలికి వెళ్లమని విచారణ మొదట్లోనే చెప్పేసింది. వాదన నడిచింది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం మీద. ఆ చట్టం కింద పెళ్లికి మంత్రం, ప్రార్థన ఏదీ అక్కర్లేదు. వివాహ అధికారికి నోటీసు ఇవ్వాలి, అది ఆఫీసు గోడ మీద అంటిస్తారు, 30 రోజులు ఆగాలి, తర్వాత ముగ్గురు సాక్షులతో సంతకాలు. ఇందులో పూజారి ఎక్కడున్నాడు? బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఏప్రిల్‌లో చేసిన తీర్మానంలో దేశ ప్రజల్లో 99.9 శాతానికి పైగా దీనికి వ్యతిరేకమని రాసింది, ఏ సర్వే చేశారో చెప్పకుండా. అక్టోబర్ 17న ఐదుగురు జడ్జీలూ పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్నారు. దత్తత, సివిల్ యూనియన్ల మీద 3–2గా చీలారు.

తంగేడుపూలు:

ఆఖరిది. ప్రాప్ 8 ఇప్పుడు ఏ స్థితిలో ఉంది?

చిట్టాపద్దు:

2013 జూన్ 26న అమెరికా సుప్రీంకోర్టు, అప్పీలు చేసినవాళ్లకి ఆ అర్హత లేదని తేల్చడంతో వాకర్ తీర్పు నిలిచింది. రెండు రోజుల్లో పెళ్లిళ్లు మళ్లీ మొదలయ్యాయి. ఆ 14 మాటలు మాత్రం చెల్లకుండానే రాష్ట్ర రాజ్యాంగంలో మిగిలిపోయాయి. 2024 నవంబర్ 5న ప్రతిపాదన 3 మీద ఓటింగ్ జరిగి, దాదాపు 63 శాతం ఓట్లతో వాటిని తీసేశారు.